జిబ్బరెల్లిన్ కొడితే నారు ఎందుకు సాగింది, ఎందుకు పడిపోయింది?

ముందు మీరు అడిగినది క్లుప్తంగా చెబుతాను, మిగతా వాళ్ళకూ అర్థమవుతుంది. పాలకొల్లు దగ్గర మీ దాళ్వా వరి ఆకుమడి డిసెంబరు చలికి గిడసబారి కదల్లేదు. షాపులో ఇచ్చిన జిబ్బరెల్లిక్ ఆసిడ్ (జిబ్బరెల్లిన్లు అనే మొక్కల హార్మోన్లలో ఒకటి, పొట్టిగా జీఏ3) కొట్టారు. నారు చూస్తుండగానే సాగింది కానీ పాలిపోయింది, నాటాక చాలా దుబ్బులు వాలిపోయాయి. పక్క చేలో ఆయన అదే మందు కొడితే ఏ తేడా కనబడలేదు. మీ ప్రశ్నలు నాలుగు. మందు ఆకు మీద పడిందని మొక్కకు ఎలా తెలుస్తుంది? అది బలమా, విషమా? ఒకే సీసా ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకు పనిచేసింది? సార్వాలో మునిగిన స్వర్ణ రకం వరి కూడా ఇలాగే సాగి పడిపోయింది, దీనికీ దానికీ సంబంధం ఉందా?

సంబంధం ఉంది. అయితే స్వర్ణ దగ్గరికి వెళ్ళే ముందు ఆకుమడి సంగతి తేల్చుకుందాం.

ఆకుమడిలో అక్కడక్కడ ఒక్కో మొక్క మిగతా వాటికంటే జానెడు పైకి లేచి, సన్నగా, లేత పసుపు రంగులో ఊగుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. దాన్ని పీకి చూస్తే మొదట్లో తెల్లగానో, లేత గులాబీ రంగులోనో బూజు ఉంటుంది. నేల పైనున్న కణుపు నుంచి కూడా వేళ్ళు దిగి ఉంటాయి. అది బకానే తెగులు. విత్తనంతో వచ్చే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం దానికి కారణం. 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త ఆ శిలీంధ్రాన్ని విడిగా పెంచి, వడగట్టిన ద్రవాన్ని మాత్రమే ఆరోగ్యమైన నారుకు ఇచ్చి చూశాడు. నారు అలాగే సాగింది. అంటే మొక్కను సాగదీస్తున్నది శిలీంధ్రం వదిలే ఒక రసాయనం. 1935లో యబుతా అనే ఇంకో జపాన్ శాస్త్రవేత్త దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు, 1938 నాటికి స్ఫటికాలుగా వేరు చేశారు. అదే రకం పదార్థాలను మొక్కలు సొంతంగానూ తయారు చేసుకుంటాయని ఆ తర్వాత బయటపడింది.

మీ సీసాలో ఉన్న జీఏ3ని ఈ రోజుకీ ఆ శిలీంధ్రాన్ని పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టే తీస్తారు. మీ మడి మొత్తానికి బకానే తెగులు తాలూకు ఒక్క లక్షణాన్ని తెచ్చి పెట్టినట్టయింది. తెగులు లేదు, సాగడం మాత్రం ఉంది. అనుమానం ఉంటే ఒక మొక్క పీకండి. మొదట్లో బూజు లేకుండా, వేళ్ళు తెల్లగా ఉంటే అది మందు పనే.

ఇప్పుడు కణం లోపలికి వెళ్దాం.

"హార్మోన్ ఎదగమని చెబుతుంది, మొక్క ఎదుగుతుంది" అని చాలామంది అనుకుంటారు. షాపుల్లో దాన్నే "బలం మందు" అంటారు. నిజానికి వరి కణం ఎప్పుడూ ఎదగడానికి సిద్ధంగానే ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది ఒక ప్రొటీన్. కణం కేంద్రకంలో కూర్చుని, సాగుదలకు కావలసిన జన్యువులను నడిపే ప్రొటీన్లను పట్టుకుని కదలనివ్వదు. మొక్కల్లో ఇలా అడ్డుపడే ప్రొటీన్లను డెల్లా ప్రొటీన్లు అంటారు, వరిలో ఉన్నదాని పేరు ఎస్ఎల్ఆర్1. మన కాలువల మీది తూము షట్టరు లాంటిది అనుకోండి. జిబ్బరెల్లిన్ నీరు కాదు, షట్టరు ఎత్తే లస్కరు. ఎత్తాక చేలోకి ఎంత నీరు వస్తుందనేది కాలువలో ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆ ఎత్తడం ఎలా జరుగుతుందో 2005లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు, అదీ మన వరిలోనే. వాళ్ళ దగ్గర ఒక పొట్టి వరి మొక్క ఉండేది. ముదురాకుపచ్చ రంగు, గిడస మొక్క, ఎంత జిబ్బరెల్లిన్ పోసినా ఉలుకూ పలుకూ లేదు. మందు ఉంది, వినే చెవి లేదు. దానిలో చెడిపోయిన జన్యువును వెతికి పట్టుకుంటే దొరికిన ప్రొటీన్ పేరు జిఐడి1. జిబ్బరెల్లిన్‌ను గుర్తుపట్టేది అదే. దాని మధ్యలో చిన్న గుంట ఉంటుంది. హార్మోన్ అణువు వచ్చి ఆ గుంటలో కూర్చోగానే ప్రొటీన్ కొస ఒకటి మూతలా దాని మీదకు వాలుతుంది. మూత పడితేనే ఆ మూత పైభాగం ఎస్ఎల్ఆర్1 అతుక్కోవడానికి అనువుగా తయారవుతుంది. అలా అతుక్కున్న ఎస్ఎల్ఆర్1 ఇంకో ప్రొటీన్ బృందం కంట పడుతుంది. అది దానికి "పారేయండి" అన్న గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు పడ్డ ప్రొటీన్‌ను కణంలో చెత్త యంత్రం లాంటి ప్రోటియాసోమ్ ముక్కలు చేసేస్తుంది. అడ్డు పోయింది కాబట్టి సాగుదల మొదలవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ వరసలో ఎక్కడా హార్మోన్ ఖర్చయి మొక్కలో భాగం కాలేదు. అది నత్రజని కాదు, పిండి పదార్థం కాదు. అందుకే 0.001 శాతం ద్రావణం అని రాసి ఉన్న సీసాలో లీటరుకు 10 మిల్లీగ్రాములే మందు ఉన్నా మొక్కలో కదలిక వస్తుంది. ఆహారమైతే ఆ కాస్త దేనికీ చాలదు.

దీనికి తిరుగులేని సాక్ష్యం ఇంకో వరి మొక్క. ఎస్ఎల్ఆర్1 పూర్తిగా చెడిపోయిన రకం. దానికి ఏ హార్మోనూ పోయనక్కరలేదు. పుట్టినప్పటి నుంచే సన్నగా, పొడుగ్గా, జిబ్బరెల్లిన్‌లో ముంచి తీసినట్టు ఎదుగుతుంది. గింజ కూడా కట్టదు. అడ్డు లేని మొక్క రైతుకు పనికిరాదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

అడ్డు తొలగాక ఏం జరుగుతుంది? మొక్క కణం చుట్టూ సెల్యులోజ్ గోడ ఉంటుంది, లోపల నీటి ఒత్తిడి ఎప్పుడూ ఆ గోడను నెడుతూనే ఉంటుంది. జిబ్బరెల్లిన్, ఆక్సిన్ లాంటి హార్మోన్లు గోడను కాస్త వదులు చేసే ప్రొటీన్లను పనిలోకి దింపుతాయి. ఎక్స్‌పాన్సిన్లు అనేవి వాటిలో ముఖ్యమైనవి. గోడ వదులవగానే నీరు లోపలికి వస్తుంది, కణం పొడవు పెరుగుతుంది. మీ నారు నాలుగైదు రోజుల్లో పెరిగిన పొడవులో ఎక్కువ భాగం నీరే. ఉన్న పత్రహరితమే పొడుగు కణాల్లో పల్చగా పరుచుకుంది, అందుకే పాలిపోయినట్టు కనబడింది. గోడ మందం పెరగలేదు, మొదలు లావెక్కలేదు, వేరు ఆ వేగాన్ని అందుకోలేదు. దమ్ము చేసిన చేలో నాటేసరికి పై బరువు మొదలు మోయలేక వాలిపోయింది. మీ నాట్లు వేసిన కూలీల తప్పు ఏమీ లేదు, వాళ్ళను అనకండి.

మరి చలికి ఎందుకు గిడసబారింది? అది మొక్క సొంత నిర్ణయం. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో ఈ సంగతి బాగా చూపించారు. చలి తగలగానే జిబ్బరెల్లిన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైము పెరుగుతుంది, డెల్లా ప్రొటీన్లు పోగుపడతాయి, ఎదుగుదల ఆగుతుంది. ఉప్పు నేలలోనూ అంతే. అడ్డు గట్టిగా ఉన్న మొక్కలే ఆ కష్టకాలంలో ఎక్కువ బతికాయి. మనం బయటి నుంచి జీఏ3 కొడితే మొక్క తగ్గి ఉందామనుకున్న సమయంలో దాన్ని బలవంతంగా లేపినట్టు. పైగా జీఏ3 నిర్మాణం ఎలాంటిదంటే మొక్కలోని ఆ ఎంజైము దాన్ని తేలిగ్గా నిర్వీర్యం చేయలేదు. వరి ఆకుల్లో, కాండంలో సహజంగా పనిచేసే జీఏ1 అనే జిబ్బరెల్లిన్‌ను మొక్క తన ఇష్టం వచ్చినప్పుడు తగ్గించుకోగలదు, సీసాలో వచ్చిన దాన్ని తగ్గించుకోవడం కష్టం.

ఇక మీ పక్క చేను ఆయన సంగతి. చూడకుండా కచ్చితంగా చెప్పలేను గానీ, రెండు మూడు కారణాలు మామూలుగా కనబడతాయి.

ఒకటి నీరు. జిబ్బరెల్లిక్ ఆసిడ్ క్షార గుణం ఉన్న నీటిలో నిలవదు, విరిగిపోతుంది. చౌడు బోరు నీటిలో కలిపి పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా డ్రమ్ములో ఉంచి కొడితే మందు బలం కొంత అక్కడే పోవచ్చు. రెండోది, ఆయన నారుకు జింకు లోపం ఉండి ఉండవచ్చు. దాళ్వాలో మన దగ్గర ఇది చాలా మామూలు. పాత ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, ఆకు పెళుసుగా విరగడం కనబడితే అదే. కాలువలో నీరు లేనప్పుడు షట్టరు ఎత్తి లాభం లేదు. మూడోది, కణం తన వినికిడిని తానే సర్దుకుంటుంది. జిబ్బరెల్లిన్ ఎక్కువైతే కణం సొంత తయారీ తగ్గిస్తుంది, జిఐడి1 జన్యువు పనిని కూడా తగ్గిస్తుంది. తక్కువైతే పెంచుకుంటుంది. ముందే హాయిగా ఎదుగుతున్న నారుకు, ఆకలిగా ఉన్న నారుకు ఒకే మోతాదు ఒకేలా పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం.

రకం తేడా కూడా చూడాలి. ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, కానీ మన జిల్లా వాళ్ళకు తెలియాల్సిన సంగతి. హరిత విప్లవం నాటి ఐఆర్-8 వరి రకం పొట్టిగా ఎందుకుంటుంది? ఎస్డీ1 అనే జన్యువులో ముక్క ఒకటి లేకపోవడం వల్ల. ఆ జన్యువు జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టు, 2002లో ఇది తేలింది. 1967లో ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 పండించిన రోజుల్లో ఈ లోగుట్టు ఎవరికీ తెలియదు, పడిపోకుండా గింజ మోస్తుందన్నదొక్కటే తెలుసు. ఆ వంశపు పొట్టి వరిలో హార్మోన్ తక్కువ, చెవి బాగానే ఉంది. కాబట్టి జీఏ3 కొడితే పొడుగు రకంలా సాగుతుంది. హరిత విప్లవం నాటి పొట్టి గోధుమ అలా కాదు. దానిలో డెల్లా ప్రొటీనే మారిపోయి జిఐడి1కు అతుక్కోవడం మానేసింది. దాని మీద సీసాలు సీసాలు కుమ్మరించినా కదలదు. చూపుకు రెండూ పొట్టివే, ఒకదానికి కబురు అందలేదు, ఇంకొకదానికి కబురు అందినా పని జరగలేదు. హార్మోన్ల గురించి ఎవరైనా "ఇది అన్ని పంటలకూ పనిచేస్తుంది" అంటే నాకు నమ్మకం కలగనిది ఇందుకే.

ఇప్పుడు స్వర్ణ. ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చింది, వశిష్ట, మసూరి అనే రకాలు కలిపి చేసినది. మునిగితే దీనికి ఏమవుతుందంటే, ముందు గాలి సమస్య. ప్రతి మొక్కా ఇథిలిన్ అనే వాయువును కొంచెం కొంచెం వదులుతూ ఉంటుంది. గాలిలో అయితే అది ఎటో పోతుంది. నీటిలో వాయువులు గాలిలో కంటే సుమారు 10 వేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. కాబట్టి మునిగిన మొక్క వదిలిన ఇథిలిన్ మొక్కలోనే పోగవుతుంది. నీళ్ళలో ఉన్నానని వరికి తెలిసే ముఖ్యమైన దారి ఇదే.

ఇథిలిన్‌ను పట్టుకునే ప్రొటీన్లు కణం లోపల వలలా అల్లుకున్న ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరలో ఉంటాయి. వాటికి రాగి అయాను కావాలి, ఇథిలిన్ అతుక్కునేది ఆ రాగికే. వీటి తీరు తమాషాగా ఉంటుంది. ఇథిలిన్ లేనప్పుడే అవి పనిచేస్తూ స్పందనను ఆపి ఉంచుతాయి, ఇథిలిన్ వచ్చి అతుక్కోగానే పని మానేస్తాయి. ఇక్కడా అడ్డు తొలగడమే, దారి మాత్రం వేరు. మొక్కల హార్మోన్లలో మొట్టమొదట దొరికిన గ్రాహకం కూడా ఇదే, 1993లో.

స్వర్ణలో ఇథిలిన్ పెరిగాక ఎదుగుదలను ఆపే అబ్సిసిక్ ఆమ్లం తగ్గుతుంది, జిబ్బరెల్లిన్‌కు స్పందన పెరుగుతుంది, ఆకు నీటి పైకి వద్దామని సాగుతుంది. నీరు రెండు మూడు రోజుల్లో తీసేస్తే పరవాలేదు. వారం దాటితే దాచుకున్న పిండి పదార్థమంతా సాగడానికే ఖర్చయిపోతుంది. డ్రెయిను లాగి నీరు దిగాక చూస్తే పొడుగ్గా, మెత్తగా, నేలకు అతుక్కుపోయిన ఆకులు. మీ ఆకుమడిలో సీసా చేసిన పనినే చేలో ముంపు చేసింది.

ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఏ అనే పాత రకం ఇలా చేయదు. దానిలోని సబ్1ఏ జన్యువును 2006లో గుర్తించారు. మునిగినప్పుడు ఇథిలిన్‌తోనే ఈ జన్యువు మేల్కొని, ఎస్ఎల్ఆర్1ను, దాని తోబుట్టువు లాంటి ఇంకో ప్రొటీన్‌ను పెంచుతుంది. జిబ్బరెల్లిన్ ఉన్నా అడ్డు కదలదు. మొక్క సాగకుండా, పిండి పదార్థం దాచుకుని, దాదాపు రెండు వారాలు ఓర్చుకుని, నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. ఆ జన్యువును స్వర్ణలోకి ఎక్కించినదే స్వర్ణ సబ్-1, మన దేశంలో 2009లో విడుదలైంది. గింజ, అన్నం స్వర్ణవే.

ముంపు వరిలో ఇంకో తెగ ఉంది, బంగ్లాదేశ్ వైపు లోతు నీటి వరి. అది నీటితో పోటీపడి రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్లు సాగగలదు. నెలల తరబడి నిలిచే నీటిలో ఓర్చుకోవడం కుదరదు, పైకి రావలసిందే. పొట్టి వరిలో చెడిపోయిన ఆ ఎస్డీ1 జన్యువే ఈ రకంలో ఇథిలిన్ తగలగానే విజృంభించి జిబ్బరెల్లిన్ ఎక్కువగా తయారు చేయిస్తుందని 2018లో తేలింది. అందుకే కొల్లేరు పక్క పల్లపు చేలల్లో నెలల తరబడి నడుంలోతు నీరు నిలిచే చోట స్వర్ణ సబ్-1 వేసి బతుకుతుందని ఆశపడకండి. అది వచ్చి పోయే ముంపుకు మాత్రమే. పూత దశలో మునిగినా, వెదజల్లిన గింజ మొలకెత్తక ముందే మునిగినా ఆ జన్యువు కాపాడదు.

కొందరు ముంపు తేరుకోగానే "పిలకలు లేవడానికి" జిబ్బరెల్లిన్ కొడుతున్నారు. దయచేసి వద్దు. మునిగిన వరికి జిబ్బరెల్లిన్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో బతికే మొక్కలు తగ్గాయి. మామిడి తోటల్లో వాడే పాక్లోబ్యుట్రజాల్, అంటే జిబ్బరెల్లిన్ తయారీని ఆపే మందు, ముందుగా ఇచ్చినవి ఎక్కువ బతికాయి. అలాగని పాక్లోబ్యుట్రజాల్ కొట్టమని నా సలహా కాదు, అది నేలలో చాలా కాలం ఉంటుంది. నీరు తీయండి, కొత్త ఆకు వచ్చాక యూరియా, పొటాష్ వేయండి, చాలు.

ఆక్సిన్ గురించి రెండు మాటలు, ఎందుకంటే మీరు దాన్నీ వాడుతున్నారు, పేరు తెలియకుండా. తుంగకు, వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి కృత్రిమ ఆక్సిన్. ఆక్సిన్‌ను పట్టుకునే టిఐఆర్1 అనే ప్రొటీన్ కూడా 2005లోనే దొరికింది. అది "పారేయండి" అన్న గుర్తు తగిలించే బృందంలోనే ఒక భాగం. ఆక్సిన్ దానికీ అడ్డు ప్రొటీన్‌కూ మధ్య ఖాళీలో ఇరుక్కుని రెండిటినీ అతుక్కునేలా చేస్తుంది, అడ్డు ప్రొటీన్ ముక్కలవుతుంది. కథ జిబ్బరెల్లిన్‌దే, పాత్రలు వేరు. వెడల్పాకు మొక్కలు 2,4-డిని సులువుగా వదిలించుకోలేవు, అదుపు లేకుండా మెలితిరిగి చస్తాయి. వరి దాన్ని మార్చి పక్కన పెట్టేయగలదు. కానీ గాలికి ఆ తుంపర పక్కనున్న మినుము మీదో, లంకల్లో ఆనప పాదుల మీదో పడితే ఆకులు ముడుచుకుని, కాడలు పాముల్లా వంకర్లు తిరుగుతాయి. కడియం నర్సరీల్లో కొమ్మకు వేరు రావడానికి అద్దే పౌడరూ ఈ జాతిదే. అక్కడ మోతాదు, చోటు రెండూ తెలిసిన చేతులు కాబట్టి నడుస్తోంది.

జిబ్బరెల్లిక్ ఆసిడ్ అసలు పనికిరాదా అంటే, పనికొస్తుంది. కరీంనగర్, వరంగల్ వైపు హైబ్రిడ్ వరి విత్తనం పండించేవాళ్ళకు అది లేనిదే గడవదు. ఆడ వరసలో కంకి పూర్తిగా బయటికి రాకుండా పోటాకు (కంకి కింది చివరి ఆకు) తొడుగులో ఇరుక్కుంటుంది, సరిగ్గా కంకి తొంగిచూసే సమయంలో కొడితే బయటికి వచ్చి పుప్పొడి అందుకుంటుంది. అక్కడ కావలసింది సాగడమే. మీ ఆకుమడికి కావలసింది సాగడం కాదు.

వచ్చే దాళ్వాకు: కిలో విత్తనానికి లీటరు నీటిలో 1 గ్రాము కార్బండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టండి, బకానే బెడద తగ్గుతుంది. విత్తనం పల్చగా చల్లండి. చలి రోజుల్లో రాత్రికి నీరు పెట్టి, పొద్దున్నే ఆ చల్లటి నీరు తీసేసి కొత్త నీరు పెట్టండి. తుప్పు మచ్చలు కనబడితే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కొట్టండి. నాలుగు రోజులు ఆలస్యమైనా మొదలు గట్టిగా ఉన్న నారు నాటుకోండి.

ఇప్పుడు పడిపోయిన దుబ్బుల దగ్గర నీరు పల్చగా ఉంచండి. కొత్త వేరు పట్టాక చాలావరకు లేస్తాయి, చచ్చిన చోట్ల ఖాళీలు పూడ్చండి. ఇంకా నాటని కట్టలు మిగిలి ఉంటే కొసలు తుంచి నాటించండి. పై బరువు తగ్గుతుంది, కాండం తొలుచు పురుగు గుడ్ల ముద్దలు ఆకు కొసల మీదే ఉంటాయి కాబట్టి అవీ పోతాయి. తుంచిన కొసలు చేలో పడేయకుండా గట్టు మీద పాతిపెట్టించండి.